బేలెన్సు గారు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా కెమిస్ట్రీ మాస్టారి సంతాపసభలో అవి చాటెడయ్యాయి.

మొదట మాట్లాడినాయన, మాస్టారు వందలమంది డాక్టర్లని తయారుచేశారన్నాడు. నాకు తెలిసినంతలో ఆయన చేతికింద డాక్టరైనవాడు ఒక్కడూ లేడు. డాక్టరీ చదవాలనుకున్నవాళ్ళు పగలు ఆయన క్లాసులో కూర్చుని, సాయంత్రం బస్సెక్కి ఇంకో ఊరు ట్యూషనుకి పోయేవారు. ఆయన దగ్గర సిలబసు ఏ ఏడూ పూర్తి కాలేదు మరి. రెండో ఆయన, మాస్టారు అందరితోనూ సర్దుకుపోయే మనిషన్నాడు. నేను చప్పున ముందువరసలో ఉన్న మాస్టారి భార్య వైపు చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మూడో ఆయన, జీవితంలో సమతుల్యం ఎంత అవసరమో మాస్టారు నేర్పారన్నాడు. పాపం మాస్టారు జీవితం జోలికి ఎన్నడూ పోలేదు. ఆయన చెప్పిందంతా సోడియం కార్బనేటు గురించి.

వేదిక మీద ఆయన ఫోటో, దానికో బంతిపూల దండ. వెనక నల్లబల్ల మీద డ్రాయింగు మాస్టారు రంగురంగుల సుద్దలతో 'అశ్రునివాళి' అని రాసి, చుట్టూ తీగలు అల్లి, కింద అందానికి ఒక రసాయన సమీకరణం కూడా వేశాడు. ఆ సమీకరణం చూసినప్పటి నుంచీ నా మనసు సభలో లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా వైపు ఎవరికీ తెలియదు. కాలేజీలో, బజారులో, చర్చిలో, చేపలమ్మే దగ్గర, అంతటా ఆయన 'బేలెన్సు గారే'. మారుపేరుకి కూడా గారు తగిలించకపోతే మా కోనసీమలో అమర్యాద కింద లెక్క. ఆయనకీ ఆ పేరు తెలుసు. కొత్తగా వచ్చిన పోస్టుమేన్ ఆయన ఇల్లే వెతుక్కుంటూ వీధిలో తిరుగుతుంటే, "బేలెన్సు గారి ఇల్లాండీ? ఇదేనండి, నేనేనండి" అని తనే చెప్పుకున్నారట.

మనిషి పొట్టి. తెల్లచొక్కా, జేబు అడుగున ఎప్పుడూ సుద్దపొడి. నవ్వేవారు కాదు, కోప్పడేవారు కాదు. పదహారేళ్ళ పిల్లల్ని కూడా 'అండీ' అని పిలిచేవారు. తప్పు చేసినవాడికి ఇంకో అండీ ఎక్కువ పడేది. "ఇలా రండి బాబూ, ఇది తమరు రాసేరాండీ?" అంటే ఇక ఆ కుర్రాడి పని అయిపోయినట్టే.

సమీకరణం బేలెన్సు చెయ్యడానికి ఆయనకి కాగితం అక్కర్లేదు. ఎడంచెయ్యి సమీకరణానికి ఎడంపక్క, కుడిచెయ్యి కుడిపక్క. ఒక్కో పరమాణువుకీ ఒక్కో వేలు మడిచేవారు. ఎడంచేతిలో రెండు సోడియాలు మడిచి, కుడిచేతిలో ఒకటే మడతపడితే, రెండు చేతులూ అలాగే గాలిలో నిలబెట్టి క్లాసంతా కలయజూసేవారు. ఆ రెండో వేలు మడిచే ఉపాయం ఎవరో ఒకరు చెప్పేదాకా చేతులు దించరు. గంట కొట్టినా దించరు. అన్నీ సరిపోయాక రెండు పిడికిళ్ళూ ఆనించి, "అయ్యిందండి" అనేవారు. చర్చిలో ప్రార్థన మధ్యలో ఆయన అలా వేళ్ళు మడుస్తుంటే పక్కవాళ్ళు భక్తి అనుకునేవారని తరవాత ఆయన భార్యే చెప్పింది.

బేలెన్సు చేయడానికి పిల్లలు ఒక అడ్డదారి తొక్కేవారు. ముందు పెట్టాల్సిన అంకె మానేసి, లోపలి చిన్న అంకె మార్చేసేవారు. నీటిలో ఆక్సిజన్ ఒకటి తక్కువైతే దానికే ఇంకోటి తగిలించి చేతులు దులుపుకునేవారు. మాస్టారు బల్ల దగ్గరికెళ్ళి ఆ చిన్న అంకెని వేలితో చూపించేవారు.

"ఇది వాళ్ళింటి సంగతండీ. మనం వేలు పెట్టకూడదు. ఎన్నిళ్ళున్నాయో అంతవరకే మనం చెప్పొచ్చు. ఇంట్లో ఎంతమందున్నారో మనమెవరం చెప్పడానికండీ?"

బేలెన్సు చెయ్యడం ఆయనకి సగం పనే. అసలు పని ఆ తరవాత మొదలయ్యేది. ముందున్న అంకెలు ఏం చెబుతున్నాయి? దేనికి ఎంత కావాలి? దీన్ని మోల్ నిష్పత్తి అంటారు, పుస్తకంలో అరపేజీ పాఠం. మాస్టారు దాని మీద దసరా సెలవులదాకా గడిపేవారు.

"మోలంటే లెక్కండీ, తూకం కాదు. మీ ఇంట్లో కొబ్బరికాయలు ఎలా అమ్ముతారండీ?"

"వందల్లెక్కనండి."

"పెద్దకాయలు వందైనా వందే, గిడసకాయలు వందైనా వందే. అవునాండీ? మోలూ అంతే. కాపోతే అంకె కాస్త పెద్దది. ఒకటికి రెండు అని సమీకరణం చెప్పిందంటే, ఒక గ్రాముకి రెండు గ్రాములని కాదండీ. ఒక లెక్కకి రెండు లెక్కలని."

అయినా పరీక్షలో సగంమంది గ్రాములే రాసేవారు. అందుకని ఒకరోజు ఆయన పూతరేకుల్లోకి దిగారు. ఒక చుట్టకి రెండు రేకులు, ఒక గరిటె బెల్లంపొడి అనుకుందామన్నారు. రేకు తూకానికి ఊదితే ఎగిరిపోతుంది, బెల్లం బరువు. అయినా రెండు రేకులకి ఒక గరిటె, ఒకటికి రెండు. బాగానే నడుస్తోంది. ఇంతలో ఆత్రేయపురం నుంచి వచ్చే కుర్రాడు లేచి నించున్నాడు.

"మా అమ్మ మూడేస్తదండి."

"ఎప్పుడూ మూడేనాండీ?"

"లేదండి. చుట్టాలొస్తే మూడండి. అమ్మకానికి రెండండి."

మాస్టారు చాలాసేపు ఆలోచించారు. ఆ అబ్బాయి అబద్ధమాడలేదు, వాళ్ళమ్మ చేసేదీ తప్పు కాదు. చివరికి బల్ల మీద పూతరేకు చెరిపేశారు.

"అయితే అది వంటండీ. కెమిస్ట్రీ కాదు. కెమిస్ట్రీకి చుట్టరికం లేదండీ."

ఆ మాట కాలేజీలో సామెతైపోయింది. కేంటీనులో అప్పడిగినా, సినిమా టిక్కెట్టడిగినా, "కెమిస్ట్రీకి చుట్టరికం లేదండీ" అనేవారు మావాళ్ళు.

పూతరేకు మోసం చేశాక ఆయన పంటుకి మారారు. రాజోలు వైపున్న తన ఊరు వెళ్ళాలంటే ఆయన ప్రతి వారం గోదావరి పాయ దాటాలి. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిస్తే పంటు. జీపైనా, గేదైనా, పెళ్ళివారైనా దాని మీదే దాటాలి.

"పంటుకి రెండు పడవలు కావాలండీ. రేవులో అయిదు పడవలున్నాయి. బల్లలు బోలెడున్నాయి. పంటులెన్నొస్తాయండీ?"

"రెండున్నరండి," అన్నాడు మా క్లాసులో లెక్కలకి పేరుపడ్డవాడు.

"ఆ అర పంటు మీద తమరెక్కండి బాబూ. మేం గట్టు మీద నించుని చూస్తాం."

ఇలా చెప్పేవారు. నాలాంటి మందబుద్ధులకి కూడా ఎక్కేది. కాని ఆయన ఈ లెక్కలోంచి బయటికొచ్చేసరికి మార్చి వచ్చేసేది. అప్పుడు మిగిలిన సిలబసంతా ఒక్క వారంలో చెప్పి, పిల్లల చేత తిట్లు తినేవారు. మా కాలేజీలో ఆయన టెంపరరీ లెక్చరరు. కమిటీ ప్రెసిడెంటుగారు ఒక్క సంతకం పెడితే పర్మనెంటవుతారు. ఆ సంతకం వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ జరుగుతూ వస్తోంది.

ఇప్పుడు ఆ పరీక్షరోజు సంగతి చెప్పాలి. డెబ్బైల మధ్యలో మాట. నేను పలివెల నుంచి వచ్చి చదువుకునేదాన్ని. మా నాన్న గుళ్ళో అర్చకుడు. ఇంటరు రెండో ఏడు చివర్లో ప్రాక్టికలు పరీక్షలొచ్చాయి. నాన్న ముందే చెప్పేశాడు: "పాసయితే డిగ్రీలో చేర్పిస్తాను. తప్పేవంటే మళ్ళీ ఫీజు కట్టి కూచోబెట్టే ఓపిక నాకు లేదమ్మా." ప్రాక్టికలు తప్పితే మిగతా పరీక్షలు ఎంత బాగా రాసినా తప్పినట్టే. నాకు చదువుకోవాలని ఉండేది. ఎంత ఉండేదంటే, ఆ వారమంతా నాకు అన్నం దిగలేదు.

ప్రాక్టికలు పరీక్షకి గోదావరి అవతల నుంచి ఎగ్జామినరుగారొస్తారు. మధ్యాహ్నం ప్రెసిడెంటుగారింట్లో ఆయనకి భోజనం. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఆ ఇంటి ప్రత్యేకం, దాని కోసమే ఎగ్జామినర్లు మా కాలేజీ వేయించుకుంటారని చెప్పుకునేవారు. తిరుగు ప్రయాణంలో పూతరేకుల పెట్టె, బొండాల గెల జీపులో పెట్టిస్తారు. కాలేజీ స్టాఫంతా ఆ భోజనానికి వెళ్ళేది. మాస్టారిని మాత్రం ప్రెసిడెంటుగారు ఎంతో ఆప్యాయంగా, "మీరు కేరియరు తెచ్చుకునుంటారు కదండీ" అని పలకరించేవారు. "ఆయ్, తెచ్చుకున్నానండి" అనేవారు మాస్టారు. మాస్టారి తండ్రి ఎవరి పొలంలోనో పాలేరుగా చేసి, చర్చి బడిలో వేసి కొడుకుని చదివించాడని ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకనేవారు కాదు. మనిషిని గుమ్మం బయట నిలబెట్టేటప్పుడు కూడా మావాళ్ళు అండీ అనడం మరిచిపోరు.

మా బేచీలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ప్రెసిడెంటుగారబ్బాయి నా పక్క బల్ల. ఆ రోజు ఇచ్చిన పని ఇది: ఇరవై మిల్లీలీటర్ల సోడియం కార్బనేటు ద్రావణం పిపెట్టుతో పీల్చి కుప్పెలో పొయ్యాలి. దాని గాఢత మోళ్ళ లెక్కన కాగితం మీద ఇచ్చారు. అందులో రంగు తెలియడానికి ఒక మిథైల్ ఆరెంజి చుక్క వేసి, పైన గీతల గాజుగొట్టం, బ్యూరెట్టులోంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వదలాలి. పసుపురంగు ఎర్రబారగానే ఆపి, ఎంత ఆమ్లం పట్టిందో చూసి, ఆమ్లం గాఢత లెక్కగట్టాలి.

మా లేబు అటెండరు దయగల మనిషి. పిల్లలు తప్పితే చూడలేడు. పొద్దున్నే వరండాలో కుర్రాళ్ళని చేరదీసి, "కాగితం మీద కార్బనేటు గాఢతెంతుందో, ఆమ్లం కూడా అంతేనర్రా" అని చెప్పేశాడు. చెప్పింది అక్షరాలా నిజం. ఇక కుర్రాళ్ళు ప్రయోగం చెయ్యడమెందుకు? రెండు గాఢతలూ ఒకటే కాబట్టి, ఇరవైకి ఇరవై పడుతుందని అరచేతిలో లెక్క వేసేసుకున్నారు. ఏడాదంతా చేసినవి ఒకటికి ఒకటి పట్టే ప్రయోగాలే. అందరూ ఒకే అంకె రాస్తే బాగోదని ఒకడు ఇరవై, ఒకడు ఇరవై పాయింటు ఒకటి, ఒకడు పందొమ్మిది పాయింటు తొమ్మిది పంచుకున్నారు. బ్యూరెట్టులో ఆమ్లం ఆ గీతదాకా సింకులోకి వదిలేశారు.

ఈ గుట్టు నా దాకా రాలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ రోజుల్లో మా కాలేజీలో మగపిల్లలు ఆడపిల్లలతో మాట్లాడరు. మాట్లాడితే మర్యాద కాదు. వాళ్ళ మర్యాద వల్ల నేను నిజాయితీగా ప్రయోగం చేసుకోవాల్సి వచ్చింది.

ఇరవై దగ్గర చూశాను, పసుపే. పాతిక దగ్గరా పసుపే. ముప్పై దాటినా పసుపే. చుట్టూ అందరూ పూర్తిచేసి చేతులు తుడుచుకుంటున్నారు. నలభై దగ్గర ఎర్రబారింది. రెండోసారి చేశాను, మళ్ళీ నలభై. పక్క బల్ల మీది కాగితం కంటపడింది: 20.1. అంతే, నా పని అయిపోయిందనుకున్నాను. కార్బనేటు రెండుసార్లు పోసేసుంటాను. కలం తీసుకుని నలభై కొట్టెయ్యబోయాను.

మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ వచ్చారు. ప్రతి బల్ల దగ్గరా ఒకటే ప్రశ్న, రోజూ అడిగేదే.

"సమీకరణం రాసేరాండీ?"

"ఆయ్, రాసేమండి," అన్నారు అందరూ. కుర్రాళ్ళెవరూ రాయలేదు.

నా దగ్గరికొచ్చి అదే అడిగారు. "రాసేనండి" అన్నాను.

"బేలెన్సు చేసేరాండీ?"

"లేదండి."

"మరి చెయ్యండమ్మా." అని వెళ్ళిపోయారు.

చేశాను. ఎడంచేతి వేళ్ళు మడిచాను, కుడిచేతి వేళ్ళు మడిచాను. కార్బనేటు ఒకటి, ఆమ్లం రెండు. ఒకటికి రెండు! పంటుకి రెండు పడవలు. ఒకటే గాఢతైతే ఇరవైకి నలభై పట్టి తీరాలి. అప్పుడు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు నాకు. మా ఆయన ఇది చదివినా పరవాలేదు.

ఆ సంతోషం ఎగ్జామినరుగారు కాగితాలు తిరగేసేదాకానే. ఆయన అందరివీ చూసి, నా కాగితం దగ్గర ఆగి, నలభై చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాడు.

"అందరికీ ఇరవై వచ్చింది. నీకొక్కదానికే నలభై వచ్చిందా? పిపెట్టు ఎన్నిసార్లు పీల్చేవమ్మా?"

కుర్రాళ్ళు నవ్వారు. నా కళ్ళ ముందు మా ఇంటి వంటగది కనిపించింది. జీవితమంతా అందులోనే కనిపించింది.

"ఒక్క మాటండి," అన్నారు మాస్టారు. "తమరోసారి చేసి చూస్తారాండీ?"

"అక్కర్లేదండీ. ఇంతమంది అబద్ధమాడతారా?"

"ఆడరండీ. మావైపు పిల్లలు మర్యాదస్తులండి. ఏం చెప్పినా అందరూ కలిసే చెప్తారు."

అని, తనే బ్యూరెట్టు నింపారు. ఇరవై దాటింది, ముప్పై దాటింది. నలభై దగ్గర ఎర్రబారింది. మాస్టారు కుప్పె ఎత్తి ఎగ్జామినరుగారి ముందు పెట్టి, పక్కన సమీకరణం రాసి, నిష్పత్తి కింద గీత గీశారు. ఎగ్జామినరుగారు తెలివైనవాడే. మరుక్షణం ఆయనకి అంతా అర్థమైంది, అటెండరు వైపు కూడా చూశాడు. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారి మనిషి గుమ్మంలోకొచ్చి, "వడ్డించేరండి, రమ్మంటున్నారండి" అన్నాడు.

ఎగ్జామినరుగారు గొంతు తగ్గించాడు. "మాస్టారూ, గొడవెందుకు? ఈ అమ్మాయిది కూడా ఇరవై చేయించేద్దాం. జవాబు ఎలాగూ ఒకటే వస్తుంది. ఆ పిల్లకీ మార్కులొస్తాయి, వీళ్ళకీ వస్తాయి. అందరం సమానం."

నిజం చెప్పాలంటే నాకు ఆ మాట అమృతంలా వినిపించింది. కలం చేతిలో పట్టుకునే ఉన్నాను. నాలుగు కొట్టేసి రెండు పెట్టడానికి ఎంతసేపు?

"అది బేలెన్సు కాదండీ," అన్నారు మాస్టారు. "లోపలి అంకె మార్చడమండీ. అందరి చేతా మళ్ళీ చేయిద్దామండి. ఇప్పుడే."

"ఇప్పుడా? అవతల విస్తళ్ళు వేశారు! పైగా ప్రెసిడెంటుగారబ్బాయి కూడా ఉన్నాడు ఇందులో."

"ఆయ్, ఉన్నారండి. కెమిస్ట్రీకి చుట్టరికం లేదండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు అందరి కాగితాల మీదా ఇరవైలు కొట్టించి, మొదటి వరస నుంచి మొదలుపెట్టారు. ప్రతి కుర్రాడి పక్కనా నించుని, ముందు సమీకరణం రాయించి, వేళ్ళు మడిపించి, ఒకటికి రెండు అనిపించి, అప్పుడు బ్యూరెట్టు ముట్టుకోనిచ్చారు. ప్రెసిడెంటుగారి మనిషి వస్తూ పోతూ ఉన్నాడు. ఎగ్జామినరుగారు కుర్చీలో కూలబడి ఆకలికి కళ్ళు మూసుకున్నాడు. ఒకడికి ముప్పై తొమ్మిది వచ్చింది, ఒకడికి నలభై ఒకటి, ఒకడికి ముప్పై ఆరు. ప్రెసిడెంటుగారబ్బాయి ఎర్రబారాక కూడా కట్టెయ్యడం మరిచి నలభై మూడు దాకా పోనిచ్చాడు. అంకెలు ఒక్కటీ కలవలేదు. మాస్టారి మొహంలో నేను చిరునవ్వు చూసింది ఆ ఒక్కరోజే. ఎండ పడమటికి తిరిగాక అందరం బయటపడ్డాం. అందరం పాసయ్యాం. మా నాన్న మాట తప్పలేదు, నేను డిగ్రీలో చేరాను.

ప్రెసిడెంటుగారికి కోపం వచ్చింది. అటెండరు గుట్టు చెప్పినందుకు కాదు, కొడుకు అబద్ధం రాసినందుకు అసలే కాదు. "మా ఇంటికి భోజనానికొచ్చిన మనిషిని ఆకలితో మాడ్చేరండీ! కూర చల్లారిపోయిందండీ!" అని నెలరోజులు ఊరందరికీ చెప్పుకున్నాడు. ఊరందరూ "అయ్యో, ఎంత పనయ్యిందండీ" అన్నారు. మా వైపు గుట్టు బయటపెట్టడం చిన్న పొరపాటు, వడ్డించిన విస్తరి ముందుకి అతిథి రాకపోవడం మహాపరాధం. మరుసటి ఏడు పర్మనెంటు ఉద్యోగం ఎవరి మేనల్లుడికో పోయింది. మాస్టారు అదే గదిలో, అదే జీతానికి, అదే మోల్ నిష్పత్తి చెప్పుకుంటూ ఉండిపోయారు.

డిగ్రీ, ఆ పైన బీయెడ్డూ అయ్యి, కాకినాడలో సైన్సు టీచరుగా చేరాక, ఒకసారి పంటు మీద కలిశారు. సైకిలు పట్టుకుని నించునున్నారు. జుట్టు సగం నెరిసింది. ఎంతో కాలంగా మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు నా కోసం మీరు పర్మనెంటు ఉద్యోగం పోగొట్టుకున్నారు కదండీ?"

"మీ కోసం ఎందుకమ్మా?" అన్నారు ఆయన ఆశ్చర్యంగా. "మీది కరెక్టే కదా. వాళ్ళ కోసం. ఏడాదంతా చెప్పేను, ఒక్కళ్ళకీ రాలేదు. ఆ రోజు వచ్చింది." సైకిలు రేవు వైపు తిప్పుకున్నారు. "కాపోతే ఒక పొరపాటు చేసేనండి. భోజనాలయ్యేక చేయించాల్సింది. ఆమ్లం సాయంత్రందాకా ఉంటుంది. పనసపొట్టు కూర ఉండదట. అందరూ చెప్తారు. నేనెప్పుడూ తినలేదనుకోండి."

ఇందులో వెటకారం ఉందేమోనని ఆయన మొహంలో వెతికాను. ఏమీ దొరకలేదు. రేవు వచ్చింది, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయారు.

మళ్ళీ సంతాపసభలోకి వస్తాను. ఎనభైలు ముగుస్తున్నాయి. పాత ప్రెసిడెంటుగారు పోయి, ఇప్పుడు వాళ్ళబ్బాయే ప్రెసిడెంటు. నా పక్క బల్లవాడే. చివర్లో ఆయన లేచి, రుమాలుతో కళ్ళొత్తుకుని, "కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించిందండి. మన మాస్టారి ఫోటో ఈ హాల్లో పర్మనెంటుగా ఉంటుందండి" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ కన్నీళ్ళు నిజమైనవే, నాకు అనుమానం లేదు. తరవాత, మాస్టారి పూర్వవిద్యార్థినిగా నన్ను మాట్లాడమన్నారు.

నేను రాసుకొచ్చిన కాగితం సంచీలోనే ఉంచి, నేరుగా నల్లబల్ల దగ్గరికెళ్ళాను. తీగల మధ్య డ్రాయింగు మాస్టారు ముచ్చటగా వేసిన సమీకరణం ఇది:

Na₂CO₃ + HCl → NaCl + H₂O + CO₂

ఆయన ఫోటో వెనకే. సుద్దముక్క తీసుకుని ఆమ్లం ముందు ఒక రెండు, ఉప్పు ముందు ఒక రెండు వేశాను.

"ఏంటండీ రాసేరు?" అన్నాడు ప్రెసిడెంటు కుర్చీలోంచి.

"రెండండి."

"రెండెందుకండీ?"

వెటకారానికి అడగలేదు. తెలియక, ఎంతో మర్యాదగా అడిగాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు, అందరూ జవాబు కోసం నా వైపే చూస్తున్నారు. డ్రాయింగు మాస్టారు మొహం చిన్నబోయింది. మాస్టారి భార్య నోటి మీద నుంచి కొంగు తీసేసింది. ఆవిడ నవ్వుతోంది.

నేను రెండు చేతులూ పైకెత్తాను. అప్పుడే వెనక గుమ్మం దగ్గర నుంచి ఎవరో, "వడ్డించేసేరండి, చల్లారిపోతున్నాయండి" అని కేకేశారు.

"చల్లారనివ్వండి," అన్నాను, ఎడంచేతి వేళ్ళు రెండు మడుస్తూ.